ఒకే కోడ్, రెండు లాగ్ ఫైళ్లు: కామన్ క్లాసు ఎవరి ఖాతాలో రాయాలి?

ఒక జావా ప్రాజెక్టులో రాత్రిపూట నడిచే రెండు జాబ్‌లు ఉన్నాయనుకుందాం. ఒకటి బిల్లింగ్‌జాబ్, రెండోది రిపోర్ట్‌జాబ్. డేటాబేస్ పని పడితే రెండూ డీబీహెల్పర్ అనే ఒకే క్లాసును పిలుస్తాయి. సపోర్ట్ టీమ్ అడిగేది చిన్న సంగతే: బిల్లింగ్‌కు సంబంధించిన లాగ్ అంతా బిల్లింగ్.లాగ్‌లో ఉండాలి, రిపోర్టులది రిపోర్ట్.లాగ్‌లో ఉండాలి. వినగానే పది నిమిషాల పనిలా అనిపిస్తుంది. కాన్ఫిగరేషన్‌లో రెండు ఫైల్ అపెండర్లు (లాగ్ లైన్లను ఫైల్లోకి రాసే భాగాలు) రాసి, బిల్లింగ్‌జాబ్ లాగర్‌కు ఒకటి, రిపోర్ట్‌జాబ్ లాగర్‌కు ఒకటి తగిలిస్తారు. టెస్ట్ చేస్తే రెండు ఫైళ్లూ తయారవుతాయి, దేని లైన్లు దానిలోనే కనిపిస్తాయి. టికెట్ క్లోజ్.

తర్వాత ఓ రాత్రి బిల్లింగ్ ఆగిపోతుంది. బిల్లింగ్.లాగ్ తెరిస్తే "ఇన్‌వాయిస్‌లు మొదలయ్యాయి" అని ఒక లైను, దాని కిందే "జాబ్ ఫెయిల్ అయింది" అని ఇంకో లైను. కనెక్షన్ దొరకలేదనీ, మళ్లీ మళ్లీ ప్రయత్నించామనీ, ఫలానా క్వెరీ టైమౌట్ అయిందనీ చెప్పే లైన్లు మాత్రం అందులో ఉండవు. అవి రాసింది డీబీహెల్పర్. దానికి ఏ ఫైలూ చూపించలేదు కాబట్టి అవన్నీ అన్ని లాగర్లకూ పైన ఉండే రూట్ లాగర్ దారిన పోయి అప్లికేషన్.లాగ్‌లో పడ్డాయి. అక్కడ రిపోర్ట్‌జాబ్ వల్ల వచ్చిన లైన్లతో కలిసిపోయి ఉన్నాయి. ఏది ఎవరిదో చెప్పడం ఎవరి తరమూ కాదు.

దీనికి చాలామంది వేసే రెండో మందు ఇంకా చేదు. డీబీహెల్పర్ లాగర్‌కు రెండు అపెండర్లూ తగిలించేస్తారు. ఇప్పుడు బిల్లింగ్.లాగ్‌లో రిపోర్టు క్వెరీల ఎర్రర్లు కూడా కనిపిస్తాయి. బిల్లింగ్‌లో తప్పేమీ లేకపోయినా ఆ ఎర్రర్ చూసి అర్ధరాత్రి ఎవరో ఒకరు టెన్షన్ పడి లేస్తారు.

లాగర్ పేరులో ఏముంది?

లాగ్4జే 1, లాగ్‌బ్యాక్, లాగ్4జే 2, జేడీకేతో పాటే వచ్చే జావా.యుటిల్.లాగింగ్, ఈ లాగింగ్ లైబ్రరీలన్నిటిలో పునాది ఒకటే. ప్రతి లాగర్‌కు ఒక పేరుంటుంది. ఆ పేరులోని చుక్కల్ని బట్టి ఒక కుటుంబ వృక్షం తయారవుతుంది. కామ్.షాపు.కామన్.డీబీహెల్పర్‌కు తల్లి కామ్.షాపు.కామన్, దాని తల్లి కామ్.షాపు, అందరికన్నా పైన రూట్. క్లాసు పేరే లాగర్ పేరుగా పెట్టుకోవడం అలవాటు కాబట్టి, ప్యాకేజీల అమరిక ఎలా ఉంటే లాగర్ల అమరిక అలాగే ఉంటుంది.

ఈ వృక్షంలో రెండు విషయాలు వారసత్వంగా వస్తాయి. అవి వచ్చే తీరు వేరువేరు, గందరగోళమంతా అక్కడే మొదలవుతుంది. లెవెల్ (డీబగ్, ఇన్ఫో, వార్న్ లాంటి తీవ్రత మెట్టు) సంగతి తీసుకుంటే, ఒక లాగర్‌కు సొంతంగా లెవెల్ పెట్టకపోతే పైకి వెళ్తూ మొదట ఎవరి దగ్గర లెవెల్ కనిపిస్తే దాన్నే తీసుకుంటుంది. అపెండర్లు అలా కాదు, అవి పోగవుతూ పోతాయి. సొంత అపెండర్‌కు రాసి, తల్లి అపెండర్‌కు రాసి, చివరికి రూట్ అపెండర్‌కు కూడా రాస్తుంది. దీన్నే అడిటివిటీ అంటారు. దాన్ని ఫాల్స్ చేయకపోతే బిల్లింగ్ లైన్లు బిల్లింగ్.లాగ్‌లోనూ, అప్లికేషన్.లాగ్‌లోనూ రెండుసార్లు పడతాయి. ఇంకో సంగతి చాలామందికి ఆశ్చర్యంగా ఉంటుంది. లైను పైకి వెళ్లేటప్పుడు దారిలో ఉన్న లాగర్ల లెవెల్‌ను ఎవరూ చూడరు. రూట్‌ను వార్న్‌లో ఉంచి బిల్లింగ్‌జాబ్‌ను ఇన్ఫోలో పెడితే, ఆ ఇన్ఫో లైన్లు రూట్ అపెండర్‌లోకి నిక్షేపంగా చేరతాయి. ఆపాలంటే లాగర్ లెవెల్ పనికిరాదు, ఆ అపెండర్ మీదే థ్రెషోల్డ్ ఫిల్టర్ పెట్టాలి.

ఇంతవరకూ అర్థమైతే అసలు చిక్కు ఎక్కడుందో కనిపిస్తుంది. లాగర్ పేరు చెప్పేది కోడ్ ఏ క్లాసులో ఉందో మాత్రమే. ఆ కోడ్ ఇప్పుడు ఎవరి కోసం నడుస్తోందో దానికి తెలియదు. కిరాణా కొట్లో సరుకు తూచే కుర్రాడు ఒక్కడే ఉంటాడు, ఎవరి ఖాతాలో రాయాలో సరుక్కి వచ్చినవాళ్లు చెప్పాలి. డీబీహెల్పర్ పరిస్థితీ అంతే. కాబట్టి లాగర్ పేర్లతో ఎన్ని కుస్తీలు పట్టినా ఈ సమస్య తీరదు. "నేను బిల్లింగ్" అన్న మాట జాబ్ మొదలయ్యే చోట పుట్టి, డీబీహెల్పర్ దాకా ఎలాగో ఒకలా ప్రయాణించాలి. అన్ని పరిష్కారాల్లోనూ తేడా ఆ మాట ఏ దారిన వెళ్తుందన్నదే.

పిలిచింది ఎవరో స్టాక్ ట్రేస్ చూసి కనిపెట్టొచ్చు కదా అని కొందరికి ఆలోచన వస్తుంది. వద్దు. ప్రతి లాగ్ లైనుకూ స్టాక్ తవ్వడం బాగా ఖరీదైన పని. పైగా పని వేరే థ్రెడ్‌కు మారిందంటే ఆ స్టాక్‌లో బిల్లింగ్‌జాబ్ ఊసే ఉండదు.

రెండు జాబ్‌లూ వేరువేరు జేవీఎంలలో నడిస్తే

ముందు అడగాల్సిన ప్రశ్న ఇదే. క్రాన్ నుంచో, షెల్ స్క్రిప్టు నుంచో రెండూ విడివిడి జావా ప్రాసెస్‌లుగా మొదలైతే అదృష్టవంతులు. ఒకే కాన్ఫిగరేషన్ ఫైలు చాలు. అందులో ఫైలు పేరు దగ్గర ఒక సిస్టమ్ ప్రాపర్టీ పెట్టి, స్క్రిప్టులో జావా కమాండ్‌కు -డీ ఆప్షన్‌తో దాని విలువ ఇస్తే సరిపోతుంది. డీబీహెల్పర్‌తో సహా ఆ ప్రాసెస్‌లోని ప్రతి లైనూ దాని ఫైల్లోకే వెళ్తుంది. కోడ్‌లో ఒక్క అక్షరం మార్చక్కర్లేదు.

ఒక్కచోట మాత్రం జాగ్రత్త పడాలి. స్క్రిప్టులు ముట్టుకోవడం ఎందుకని మెయిన్ మెథడ్ మొదటి లైన్లో సిస్టమ్.సెట్‌ప్రాపర్టీ రాస్తే చాలాసార్లు పనిచేయదు. అదే క్లాసులో స్టాటిక్ లాగర్ ఉంటే, మెయిన్‌లోకి అడుగుపెట్టక ముందే ఆ లాగర్ తయారవుతుంది, దానితో పాటే కాన్ఫిగరేషన్ చదవడం కూడా అయిపోతుంది. ఆ తర్వాత ప్రాపర్టీ పెట్టినా వినేవాళ్లు లేరు. లాగ్‌బ్యాక్ అయితే ప్రాపర్టీ పేరు చివర "ఈజ్ అన్‌డిఫైన్డ్" అని అంటించి ఒక వింత పేరుతో ఫైలు సృష్టిస్తుంది. లాగ్4జే 2లో డాలరు గుర్తూ మీసాల బ్రాకెట్లూ ఉన్నవి ఉన్నట్టే ఫైలు పేరులోకి వచ్చేస్తాయి. అలాంటి ఫైలు కనిపిస్తే కారణం దాదాపు ఎప్పుడూ ఇదే. లాగర్ లేని చిన్న లాంచర్ క్లాసు ఒకటి రాసి, అందులో ప్రాపర్టీ పెట్టి, ఆ తర్వాతే అసలు క్లాసును పిలిస్తే ఇబ్బంది ఉండదు. విలువ రాకపోతే వాడాల్సిన డిఫాల్ట్ పేరును కోలన్, మైనస్ గుర్తుల తర్వాత రాసే సదుపాయం లాగ్‌బ్యాక్‌లోనూ, లాగ్4జే 2లోనూ ఉంది. అది కూడా రాసి పెట్టుకోవడం మంచిది.

రెండు ప్రాసెస్‌లను ఒకే ఫైల్లోకి రాయించే పని మాత్రం పెట్టుకోవద్దు. ఫైలు రోల్ అయ్యే (పాత ఫైలు పేరు మార్చి కొత్తది మొదలుపెట్టే) సమయానికి ఒకరు పేరు మారుస్తుంటే ఇంకొకరు పాత ఫైల్లోనే రాస్తూ ఉంటారు. లాగ్‌బ్యాక్‌లో ప్రూడెంట్ మోడ్ అని ఒకటుంది, అది ఫైల్ లాక్ తీసుకుని రాస్తుంది. దానితో వేగం తగ్గుతుంది, పాత ఫైళ్లను కంప్రెస్ చేసుకునే వీలూ పోతుంది.

కామన్ కోడ్ తల్లి క్లాసులో ఉంటే

కొన్ని ప్రాజెక్టుల్లో పంచుకునే కోడ్ బేస్‌జాబ్ లాంటి ఆబ్‌స్ట్రాక్ట్ క్లాసులో ఉంటుంది, బిల్లింగ్‌జాబ్, రిపోర్ట్‌జాబ్ దాన్ని ఎక్స్‌టెండ్ చేస్తాయి. అప్పుడు తేలిక దారి ఒకటుంది. బేస్‌జాబ్‌లో లాగర్‌ను స్టాటిక్‌గా పెట్టకుండా, గెట్‌క్లాస్ ఇచ్చే పేరుతో ఇన్‌స్టాన్స్ ఫీల్డ్‌గా పెట్టాలి. నడుస్తున్నది బిల్లింగ్‌జాబ్ ఆబ్జెక్టు అయితే గెట్‌క్లాస్ కూడా బిల్లింగ్‌జాబ్ అనే చెబుతుంది. దాంతో తల్లి క్లాసులో రాసిన లైన్లు కూడా బిల్లింగ్‌జాబ్ లాగర్ పేరుతోనే వెళ్తాయి. మొదట రాసిన మామూలు రెండు అపెండర్ల కాన్ఫిగరేషన్ ఇక్కడ చక్కగా పనిచేస్తుంది.

మన డీబీహెల్పర్ అలా తల్లి క్లాసు కాదు, పక్కనుండి సాయం చేసే క్లాసు. దాన్ని సృష్టించేటప్పుడు కన్‌స్ట్రక్టర్‌లో లాగర్‌ను అందించొచ్చు. ప్రతి జాబ్ తన సొంత డీబీహెల్పర్ ఆబ్జెక్టు చేసుకుంటేనే అది కుదురుతుంది. స్ప్రింగ్‌లో బీన్ డిఫాల్ట్‌గా సింగిల్‌టన్, అంటే అందరికీ ఒకే ఆబ్జెక్టు, ఇక ఎవరి లాగర్ ఇస్తాం? మెథడ్ మెథడ్‌కూ లాగర్‌ను పారామీటర్‌గా పంపేవాళ్లూ ఉన్నారు. పనిచేస్తుంది, కానీ ఆ కోడ్ చదవడం శిక్ష. పైగా డీబీహెల్పర్ లైన్లన్నీ బిల్లింగ్‌జాబ్ పేరుతో వెళ్తుంటే, డీబీహెల్పర్‌ను మాత్రమే డీబగ్‌లో పెట్టి చూసే అవకాశం పోతుంది. అది చిన్న నష్టమేమీ కాదు.

ఒకే జేవీఎం, ఒకే సింగిల్‌టన్: ఎండీసీ దారి

ఒకే సర్వర్‌లో, ఒకే ప్రాసెస్‌లో, షెడ్యూలర్ కింద రెండు జాబ్‌లూ నడుస్తుంటే పై దారులన్నీ మూసుకుపోతాయి. దీనికోసమే ఎండీసీ (మ్యాప్డ్ డయాగ్నస్టిక్ కాంటెక్స్ట్) ఉంది. లాగ్4జే 2లో దాన్ని థ్రెడ్‌కాంటెక్స్ట్ అంటారు. ప్రతి థ్రెడ్‌కూ విడిగా ఉండే చిన్న మ్యాప్ అది. జాబ్ మొదట్లో "జాబ్" అనే కీ కింద "బిల్లింగ్" అని రాస్తే, ఆ థ్రెడ్‌లో నడిచే ప్రతి కోడ్ లైనుకూ, డీబీహెల్పర్‌దైనా, థర్డ్ పార్టీ డ్రైవర్‌దైనా, ఆ ముద్ర పడుతుంది. లాగర్ పేర్లు ఎలా ఉన్నవి అలాగే ఉంటాయి. కామన్ కోడ్‌లో మార్పేమీ అక్కర్లేదు.

ఆ ముద్రను చూసి ఫైలు ఎంచుకునే పని లాగ్‌బ్యాక్‌లో సిఫ్టింగ్ అపెండర్ చేస్తుంది, లాగ్4జే 2లో రూటింగ్ అపెండర్ చేస్తుంది. దీన్ని రూట్ లాగర్‌కు తగిలించాలి, జాబ్ లాగర్లకు కాదు. పాత అలవాటు ప్రకారం బిల్లింగ్‌జాబ్ లాగర్‌కే తగిలించి, డీబీహెల్పర్ లైన్లు ఇంకా రావట్లేదని తల పట్టుకునేవాళ్లు తక్కువేమీ కాదు. రూట్‌కు ఉంటేనే ఏ ప్యాకేజీ నుంచి వచ్చిన లైనైనా దాని కంటపడుతుంది.

లాగ్‌బ్యాక్‌లో డిస్క్రిమినేటర్‌కు (ఏ ముద్ర చూసి ఫైలు ఎంచుకోవాలో చెప్పే భాగానికి) కీ పేరుతో పాటు డిఫాల్ట్ విలువ కూడా తప్పనిసరిగా ఇవ్వాలి. అప్లికేషన్ లేస్తున్నప్పుడు, ఏ జాబూ లేని థ్రెడ్‌లలో వచ్చే లైన్లు ఆ డిఫాల్ట్ ఫైల్లోకి వెళ్తాయి. దానికి "కామన్" అని పేరు పెట్టుకుంటే సరి. ఒక జాబ్ ఫైల్లోకి 30 నిమిషాల పాటు ఏ లైనూ రాకపోతే లాగ్‌బ్యాక్ దాన్ని తనంతట తానే మూసేస్తుంది, మళ్లీ అవసరమైతే తెరుస్తుంది. లాగ్4జే 2లో అది దానంతట అది జరగదు, ఐడిల్ పర్జ్ పాలసీ మనం పెట్టాలి. లాగ్4జే 2లోనే ఇంకో మెలిక ఉంది. రూట్స్ ప్యాటర్న్ దగ్గర డాలర్ గుర్తు రెండుసార్లు రాయాలి. ఒక్కటే రాస్తే కాన్ఫిగరేషన్ చదివేటప్పుడే ఒకసారి విలువ వెతికి ఊరుకుంటుంది, ఆ క్షణానికి జాబ్ ఏదీ ఉండదు. రెండు డాలర్లుంటే ప్రతి లైనుకూ మళ్లీ వెతుకుతుంది. ఒక్క గుర్తు తేడాతో రోజంతా పోయే సందర్భం ఇది. రోలింగ్ వాడితే, పాత ఫైళ్ల పేరులో కూడా జాబ్ పేరు ఉండాలని గుర్తుంచుకోవాలి. లేదంటే బిల్లింగ్ పాత ఫైలు మీదే రిపోర్టు పాత ఫైలు వచ్చి పడుతుంది.

ఎండీసీలో అసలు కష్టం థ్రెడ్‌లతో వస్తుంది. ముద్ర ఉండేది థ్రెడ్ మీద. బిల్లింగ్‌జాబ్ ఇన్‌వాయిస్‌లను త్వరగా పూర్తి చేయడానికి ఎగ్జిక్యూటర్ సర్వీస్‌కో, కంప్లీటబుల్ ఫ్యూచర్‌కో, ప్యారలల్ స్ట్రీమ్‌కో పని అప్పజెప్పిందంటే, ఆ పని వేరే థ్రెడ్ మీద నడుస్తుంది. దాని మ్యాప్ ఖాళీ. లైన్లన్నీ కామన్ ఫైల్లోకి పోతాయి. పాత లాగ్‌బ్యాక్‌లో కొత్తగా పుట్టిన థ్రెడ్‌కు తల్లి థ్రెడ్ మ్యాప్ వారసత్వంగా వచ్చేది. 1.1.5 వెర్షన్ నుంచి దాన్ని తీసేశారు. లాగ్4జే 2లోనూ అది డిఫాల్ట్‌గా ఉండదు, కావాలంటే ఒక ప్రాపర్టీతో తెచ్చుకోవచ్చు. తీసేసి మంచి పనే చేశారని నా అభిప్రాయం. థ్రెడ్ పూల్‌లో థ్రెడ్ ఒక్కసారే పుడుతుంది. ఆ క్షణంలో పని ఇచ్చింది బిల్లింగ్ అయితే, ఆ థ్రెడ్ బతికున్నంత కాలం "బిల్లింగ్" అనే ముద్రతోనే తిరుగుతుంది. తర్వాత రిపోర్టు పని చేసినా దాన్ని బిల్లింగ్.లాగ్‌లోనే రాస్తుంది. ఖాళీగా ఉంటే కనీసం ఏదో తేడా ఉందని తెలుస్తుంది, ఇది అలా కూడా తెలియదు.

సరైన పద్ధతి ఏమిటంటే, పని అప్పజెప్పే థ్రెడ్‌లో మ్యాప్ కాపీ తీసుకోవాలి, పని చేసే థ్రెడ్‌లో మొదట దాన్ని పెట్టాలి, పని అయ్యాక తప్పనిసరిగా తీసేయాలి. లాగింగ్ లైబ్రరీలకు ఉమ్మడి ముఖద్వారంలా ఉండే ఎస్ఎల్ఎఫ్4జేలో దీనికి గెట్‌కాపీఆఫ్‌కాంటెక్స్ట్‌మ్యాప్, సెట్‌కాంటెక్స్ట్‌మ్యాప్ మెథడ్‌లు ఉన్నాయి. ఏ జాబూ లేనిచోట ఆ కాపీ నల్ కావచ్చు, అది చూసుకోవాలి. ఈ మూడు పనుల్నీ ప్రతిచోటా చేత్తో రాస్తే ఎవరో ఒకరు ఎక్కడో మరిచిపోతారు. రన్నబుల్‌ను చుట్టే ఒక చిన్న క్లాసు రాసి, పూల్‌లోకి వెళ్లే ప్రతి పనీ దాని గుండానే వెళ్లేలా చూసుకోవాలి. స్ప్రింగ్ వాడేవాళ్లకు థ్రెడ్‌పూల్‌టాస్క్‌ఎగ్జిక్యూటర్‌లో టాస్క్‌డెకరేటర్ అనే చోటు సరిగ్గా ఇందుకే ఉంది. జాబ్ మొదలయ్యే చోట కూడా ట్రై విత్ రిసోర్సెస్‌తో పుట్‌క్లోజబుల్ వాడితే, ఎక్సెప్షన్ వచ్చినా కీ తొలగిపోతుంది.

అసింక్ అపెండర్ వాడితే ముద్ర పోతుందేమోనని అనుమానపడతారు కొందరు. పోదు. లైనును క్యూలో వేసేటప్పుడే మ్యాప్‌లోని విలువల్ని దానితో పాటు పట్టుకుంటుంది.

ఎండీసీ విలువే ఫైలు పేరు అవుతోందంటే అది ఎక్కడి నుంచి వస్తోందో ఒకసారి చూసుకోవాలి. జాబ్ పేరు మన కోడ్‌లో రాసిన స్థిరమైన మాట అయితే భయం లేదు. కస్టమర్ ఐడీ, లాగిన్ పేరు లాంటివి పెడితే, ఎవరో రెండు చుక్కలూ స్లాష్‌లూ కలిపి పంపి, ఫైలును మనం అనుకోని ఫోల్డర్‌లో సృష్టించగలరు. పేర్లు వేలల్లో ఉంటే తెరిచిన ఫైళ్ల సంఖ్య ఆపరేటింగ్ సిస్టమ్ పరిమితి దాటిపోతుంది. 2021 డిసెంబర్‌లో లాగ్4జే 2లోని లాగ్4షెల్ అనే భద్రతా లోపంతో ప్రపంచమంతా గగ్గోలు పుట్టినప్పుడు, మొదటి సవరణగా వచ్చిన 2.15.0 వెర్షన్‌లోనూ ఇంకో రంధ్రం బయటపడింది. దాని నంబరు సీవీఈ-2021-45046. లేఅవుట్ ప్యాటర్న్‌లో థ్రెడ్‌కాంటెక్స్ట్ విలువను లుకప్‌గా వాడినచోట, ఆ విలువ బయటివాళ్ల చేతిలో ఉంటే దాడి చేయడానికి వీలుండేది. 2.16.0లో దాన్ని మూశారు. రూటింగ్ కోసం థ్రెడ్‌కాంటెక్స్ట్ వాడేవాళ్లు లాగ్4జే వెర్షన్ ఏదో చూసుకోవడం అందుకే అవసరం. లాగ్4జే 1 మీదే ఇంకా ఉన్నవాళ్ల సంగతి వేరే చెప్పాలా? దానికి 2015లోనే సపోర్ట్ ఆపేశారు.

టామ్‌క్యాట్‌లో రెండు వార్ ఫైళ్లు (వెబ్ అప్లికేషన్ ప్యాకేజీలు) నడిపేవాళ్లకు వేరే కథ. కామన్ జార్, లాగింగ్ జార్‌లు ప్రతి వార్‌లోనూ లిబ్ ఫోల్డర్‌లో ఉంటే, ఒక్కో అప్లికేషన్‌కు సొంత క్లాస్‌లోడర్ ఉంటుంది కాబట్టి డీబీహెల్పర్ క్లాసు రెండు కాపీలుగా లోడ్ అవుతుంది. ఎవరి కాన్ఫిగరేషన్ వాళ్లది, ఎవరి ఫైలు వాళ్లది, చేయాల్సిందేమీ లేదు. స్థలం కలిసొస్తుందని ఆ జార్‌లను తీసుకెళ్లి టామ్‌క్యాట్ ఉమ్మడి లిబ్‌లో పెట్టిన రోజున లాగ్‌లన్నీ కలిసిపోతాయి. జావా.యుటిల్.లాగింగ్‌లో అయితే ప్రాపర్టీస్ ఫైలు ద్వారా ఫైల్‌హ్యాండ్లర్‌కు ఒకే ఒక సెట్టింగుల గుంపు ఇవ్వగలం. రెండు ఫైళ్లు కావాలంటే కోడ్‌లో చేసుకోవాలి. టామ్‌క్యాట్ వాళ్లు జూలీ అనే సొంత వెర్షన్ రాసుకుని, హ్యాండ్లర్ పేరు ముందు అంకెలు చేర్చే పద్ధతి పెట్టడానికి ఒక కారణం అదే.

ఇంత చెప్పాక ఒక మాట అడగాలి: ఫైళ్లు విడదీయడం నిజంగా అవసరమా? లైను ప్యాటర్న్‌లో ఎండీసీ నుంచి జాబ్ పేరు వచ్చేలా పెట్టి, అంతా ఒకే ఫైల్లో రాసి, గ్రెప్‌తో వడపోసుకుంటే చాలా టీమ్‌లకు సరిపోతుంది. రెండు జాబ్‌లూ ఒకే టేబుల్ మీద లాక్ కోసం కొట్టుకున్నాయా అని చూడాల్సి వచ్చినప్పుడు, అన్నీ ఒకే వరుసలో, సమయం ప్రకారం ఉన్న ఫైలే ఆదుకుంటుంది. కంటైనర్లలో నడిచే అప్లికేషన్లయితే ఎలాగూ స్టాండర్డ్ అవుట్‌పుట్‌కే రాస్తాయి, విడదీసే పని లాగ్‌లు సేకరించే వ్యవస్థ చూసుకుంటుంది. ఫైళ్లు విడిగా కావాలనడానికి గట్టి కారణం నాకు కనిపించేవి రెండే. ఒక్కో ఫైలు వేరే వేరే మనుషుల చేతికి వెళ్లాలి, లేదా ఒక్కోదాన్ని వేరే వేరే కాలం దాచాలి. ఆ రెండూ లేనప్పుడు ముద్ర ఉంచి, ఫైలు ఒకటే ఉంచడం మేలు.

ఏ దారి ఎంచుకున్నా, టెస్ట్ మాత్రం మామూలుగా చేస్తే చాలదు. ఒక్కో జాబ్‌ను విడిగా నడిపితే అన్నీ బాగానే కనిపిస్తాయి. థ్రెడ్ పూల్ సైజు 1కి తగ్గించి, ముందు బిల్లింగ్, వెంటనే రిపోర్ట్ నడపండి, అదీ బిల్లింగ్ మధ్యలో కావాలని ఎక్సెప్షన్ విసిరి. అదే థ్రెడ్ మళ్లీ వాడుకలోకి వస్తుంది కాబట్టి, ముద్ర తొలగించడం ఎక్కడైనా మరిచిపోతే రిపోర్ట్ లైన్లు బిల్లింగ్.లాగ్‌లో దొరుకుతాయి. తర్వాత పూల్ పెంచి, రెండింటినీ ఒకేసారి నడిపి, కామన్.లాగ్ తెరవండి. అందులో డీబీహెల్పర్ లైను ఒక్కటి కనిపించినా, ఏదో ఒక పని చుట్టకుండానే పూల్‌లోకి వెళ్లిందని అర్థం. ఆ లైన్లో ఉన్న థ్రెడ్ పేరు పట్టుకుని వెతికితే, అది ఏ పూల్‌దో, అక్కడికి ఎవరు పంపారో తెలుస్తుంది. ఆ పూల్‌కు ఏదో ఒక పేరు పెట్టి ఉండాలి సుమా, అందరికీ "పూల్-1-థ్రెడ్-1" అని ఉంటే మళ్లీ మొదటికే వస్తాం.